క్రియాశీల ఆక్సిజన్ అణువులు: మొక్క కణంలో హానికారకాలు, సంకేతవాహకాలు

పారాక్వాట్ పిచికారీ చేసిన కలుపు మొక్కల ఆకులు ఎండ బాగా కాసిన రోజున కొద్ది గంటలలోనే వాడి, మాడిపోతాయి. చీకటిలో ఉంచిన మొక్కపై అదే మందు అంత వేగంగా పనిచేయదు. హరితరేణువులలోని కాంతి వ్యవస్థ-1 నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను పారాక్వాట్ అందుకొని ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. ఆ విధంగా ఏర్పడిన సూపరాక్సైడ్, దాని నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ కణత్వచాలలోని కొవ్వు ఆమ్లాలను ఆక్సీకరించి ఆకును నాశనం చేస్తాయి. కాంతి ఉన్నంతసేపు ఎలక్ట్రాన్ల ప్రవాహం ఆగదు కనుక ఈ చర్య పదేపదే జరుగుతూనే ఉంటుంది.

బెట్టకు గురైన వేరుశనగ మొక్క నీటిని కాపాడుకోవడానికి పత్రరంధ్రాలను మూసుకొంటుంది. ఆ మూసివేతలోనూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ముఖ్యమైన పాత్ర ఉంది. అంటే ఒకచోట ఆకును మాడ్చివేసే అణువే మరొకచోట మొక్కను బతికించే వార్తను మోసుకొని వెళుతున్నది. ఈ రెండు పాత్రలు ఒకే అణువుకు ఎలా సాధ్యమవుతాయన్నది వృక్ష శరీరధర్మ శాస్త్రంలో గత 4 దశాబ్దాలుగా విస్తృతంగా పరిశోధించబడిన ప్రశ్న. బెట్టను తట్టుకొనే రకాల ఎంపికలోనూ, రైతులకు చేసే పిచికారీ సిఫారసులలోనూ ఈ అణువుల కొలతలను ఆధారంగా చూపడం సాధారణమైంది. ఆ కొలతలకు సరైన అర్థం చెప్పాలంటే వాటి సంకేత పాత్రను తెలుసుకోవడం అవసరం.

క్రియాశీల ఆక్సిజన్ అణువులు అంటే ఏవి?

వాతావరణంలో సుమారు 21 శాతం ఉన్న ఆక్సిజన్ సాధారణ స్థితిలో జీవకణంలోని పదార్థాలతో నేరుగా చర్య జరపదు. అదనపు శక్తి గాని, ఒకటి లేదా అంతకు మించిన ఎలక్ట్రాన్లు గాని చేరినప్పుడు అది క్రియాశీలమవుతుంది. శక్తి చేరితే సింగ్లెట్ ఆక్సిజన్ ఏర్పడుతుంది. ఒక ఎలక్ట్రాన్ చేరితే సూపరాక్సైడ్, రెండు చేరితే హైడ్రోజన్ పెరాక్సైడ్, మూడు చేరితే హైడ్రాక్సిల్ రాడికల్ ఏర్పడతాయి. నాలుగో ఎలక్ట్రాన్ కూడా చేరితే మిగిలేది నీరే.

ఈ నాలుగింటి స్వభావం ఒకటి కాదు. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టినచోటనే, ఎదురైన ఏ అణువుతోనైనా చర్య జరుపుతుంది. దానిని తొలగించడానికి ప్రత్యేకమైన ఎంజైము ఏదీ లేదు. ఇనుము, రాగి అయాన్ల సమక్షంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి ఇది ఏర్పడుతుంది కనుక కణం ఆ లోహాలను స్వేచ్ఛగా తిరగనీయదు. సింగ్లెట్ ఆక్సిజన్, సూపరాక్సైడ్ కూడా స్వల్పాయువు గలవి. వీటితో పోల్చితే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువకాలం నిలుస్తుంది. దానికి విద్యుదావేశం లేదు. నీటిని పంపే ఆక్వాపోరిన్ మార్గాలలో కొన్నింటి గుండా అది త్వచాలను దాటగలదు. కొన్ని ప్రత్యేక స్థానాలతో మాత్రమే త్వరగా చర్య జరుపుతుంది. సంకేతవాహకానికి ఉండవలసిన లక్షణాలు ఇవే కావడం వలన ఈ వర్గంలో దానికే ప్రాముఖ్యం ఎక్కువ.

ఉత్పత్తి, నియంత్రణ

మొక్క కణంలో ఈ అణువులు నిరంతరం పుడుతూనే ఉంటాయి. హరితరేణువులలో, ముఖ్యంగా కాంతి వ్యవస్థ-1 వద్ద, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గ్రహించి సూపరాక్సైడ్‌గా మారుతుంది. ఈ రకమైన చర్యను 1951లో మెహ్లర్ గుర్తించడం వలన అది ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. కాంతి వ్యవస్థ-2 వద్ద ఉత్తేజితమైన పత్రహరితం తన శక్తిని ఆక్సిజన్‌కు బదిలీ చేసినప్పుడు సింగ్లెట్ ఆక్సిజన్ ఏర్పడుతుంది. సి-3 మొక్కలలో కాంతి శ్వాసక్రియ జరిగేటప్పుడు పెరాక్సిసోములలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పెద్ద మొత్తంలో విడుదలవుతుంది. మైటోకాండ్రియాలోని శ్వాసక్రియ శృంఖలం మరొక ఉత్పత్తి స్థానం.

నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలు మూసుకొన్నప్పుడు ఆకులోకి కార్బన్ డయాక్సైడ్ రాక తగ్గుతుంది. కాంతి మాత్రం పడుతూనే ఉంటుంది. వినియోగం లేని ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు మళ్ళుతాయి. మధ్యాహ్నపు తీవ్రమైన ఎండలో బెట్టకు గురైన పైరులో ఈ అణువుల ఉత్పత్తి పెరగడానికి కారణం ఇదే.

ఉత్పత్తికి తగిన తొలగింపు వ్యవస్థ కూడా కణంలో ఉంది. సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైము ధర్మాన్ని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పెరాక్సిసోములలో కాటలేజ్ ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. అది అధిక గాఢతలో సమర్థంగా పనిచేస్తుంది. తక్కువ గాఢతలో కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పట్టుకోగలిగినది ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్. ఇది ఉపయోగించుకొన్న ఆస్కార్బేట్‌ను గ్లూటాథయోన్ సాయంతో తిరిగి పునరుద్ధరించే చక్రానికి ఫాయర్, హాలివెల్, అసాడా అనే ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లు పెట్టారు.

ఈ తొలగింపు వ్యవస్థ ప్రయోజనం కేవలం శుద్ధి మాత్రమే కాదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే చిన్న మాట వినిపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణ స్థాయి తక్కువగా ఉన్నప్పుడే దానిలో వచ్చే కొద్దిపాటి పెరుగుదలను కణం సంకేతంగా గుర్తించగలుగుతుంది. పని ముగిసిన వెంటనే సంకేతాన్ని ఆపివేయడం కూడా ఈ వ్యవస్థ బాధ్యతే.

కావాలని చేసే ఉత్పత్తి

ఈ అణువులు జీవక్రియలలో అనివార్యంగా వెలువడే వ్యర్థాలు మాత్రమే అయితే వాటిని ఉత్పత్తి చేయడానికే ప్రత్యేకంగా ఎంజైములు ఉండవలసిన అవసరం లేదు. మొక్కలలో అటువంటి ఎంజైములు ఉన్నాయి. ప్లాస్మాత్వచంలో ఉండే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్‌లు కణం లోపలి ఎలక్ట్రాన్లను త్వచం వెలుపలికి పంపి, అక్కడి ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్‌గా మారుస్తాయి. మనిషి తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి ఉపయోగించే ఎంజైముకు ఇవి సజాతి ప్రోటీన్లు. శాస్త్ర సాహిత్యంలో వీటిని ఆర్‌బీఓహెచ్ అనే సంక్షిప్త నామంతో వ్యవహరిస్తారు. అరాబిడాప్సిస్ మొక్కలో వీటికి 10 జన్యువులు ఉన్నాయి.

ఈ ప్రోటీన్లలో కణద్రవ్యం వైపు ఉండే భాగానికి కాల్షియం అయాన్లను పట్టుకొనే స్థానాలు ఉంటాయి. అదే భాగానికి కైనేజ్ ఎంజైములు ఫాస్ఫేట్‌ను జతచేసినప్పుడు ఉత్పత్తి వేగం పుంజుకొంటుంది. అంటే ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఉత్పత్తి కావాలో కణమే నిర్ణయిస్తుంది.

మొక్క పెరుగుదలలోనూ ఈ జన్యువులకు ప్రత్యేక బాధ్యతలు ఉన్నాయి. ఆర్‌బీఓహెచ్-సి లోపించిన అరాబిడాప్సిస్ మొక్కలలో మూలకేశాలు పొడవుగా ఎదగలేవని 2003లో వెల్లడైంది. పరాగనాళం కొన ఎదుగుదలకు మరి రెండు జన్యువులు తోడ్పడతాయి. ఫ్రెంచ్ చిక్కుడు వేళ్ళలో రైజోబియం ప్రవేశానికి, బుడిపెలు ఏర్పడటానికి కూడా ఈ కుటుంబానికి చెందిన ఒక జన్యువు అవసరమని తేలింది.

కణం ఈ సంకేతాన్ని చదివే విధానం

హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఏ సమాచారమూ రాసి ఉండదు. అది ఏ ప్రోటీనును మార్చిందన్నదే సమాచారం. ప్రోటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి గంధకం ఉన్న ఒక సమూహం ఉంటుంది. కొన్ని ప్రోటీన్లలో ఈ గంధకం సులభంగా ఆక్సీకరణ చెందగల స్థితిలో ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలినప్పుడు రెండు సిస్టీన్ల మధ్య గంధక బంధం ఏర్పడి ప్రోటీను ఆకృతి మారుతుంది. ఆకృతితోపాటు పని మారుతుంది. థయోరెడాక్సిన్ వంటి ప్రోటీన్లు ఆ బంధాన్ని విప్పి పూర్వస్థితికి తెస్తాయి. మీట వేయడం, తీయడం రెండూ సాధ్యం కనుకనే దీనిని సంకేత వ్యవస్థ అంటారు.

కణం వెలుపల ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గుర్తించే గ్రాహకం ఏదన్న ప్రశ్నకు చాలాకాలం సమాధానం లభించలేదు. హెచ్‌పీసీఏ-1 అనే గ్రాహక కైనేజ్ ఈ పని చేస్తుందని 2020లో జెన్-మింగ్ పేయ్ బృందం అరాబిడాప్సిస్‌లో నిరూపించింది. త్వచం వెలుపలి భాగంలోని సిస్టీన్లు ఆక్సీకరణ చెందడంతో ఈ గ్రాహకం ఉత్తేజితమై, కణంలోకి కాల్షియం ప్రవేశించడానికి దారి తీస్తుంది.

పత్రరంధ్రాల మూసివేత

ఈ దశలన్నీ ఒక వరుసలో కనిపించే మంచి ఉదాహరణ రక్షక కణం. నేలలో తేమ తగ్గినప్పుడు ఆకులో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. దానిని గ్రాహకాలు పట్టుకొన్న తరువాత, అప్పటివరకు నిరోధంలో ఉన్న ఓఎస్‌టీ-1 అనే కైనేజ్ విడుదలవుతుంది. రక్షక కణంలోని ఆర్‌బీఓహెచ్ ప్రోటీన్లు ఉత్తేజితమై హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏర్పడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మాత్వచంలోని కాల్షియం మార్గాలను తెరిపిస్తుందని 2000లో ప్రకటితమైంది. లోపలికి వచ్చిన కాల్షియం, కైనేజ్‌ల ప్రభావంతో రుణ అయాన్లు, వాటి వెంట పొటాషియం అయాన్లు బయటకు పోతాయి. ఆ వెంటనే నీరు కూడా వెలుపలికి పోవడంతో రక్షక కణాలు బిగువు కోల్పోయి రంధ్రం మూసుకొంటుంది.

ఆర్‌బీఓహెచ్-డి, ఆర్‌బీఓహెచ్-ఎఫ్ రెండూ లోపించిన మొక్కలలో అబ్సిసిక్ ఆమ్లం ఇచ్చినా పత్రరంధ్రాలు సరిగా మూసుకోలేదు. బయటి నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ అందించినప్పుడు ఆ స్పందన కొంతమేరకు తిరిగి వచ్చింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎద్దడి ఫలితంగా కనిపించే లక్షణం మాత్రమే కాక, ఎద్దడికి ఇచ్చే స్పందనలో ఒక మెట్టు కూడా అని ఈ ప్రయోగం స్పష్టం చేసింది.

ఒక ఆకు నుంచి మొక్క అంతటికీ

ఒక ఆకుకు గాయమైనా, తీవ్రమైన కాంతి లేదా వేడి తగిలినా ఆ వార్త ఇతర ఆకులకు చేరుతుంది. ఈ వార్త నిమిషానికి 8.4 సెంటీమీటర్ల వేగంతో ప్రయాణిస్తుందని 2009లో రాన్ మిట్లర్ బృందం నమోదు చేసింది. ఇక్కడ ఒకే హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు అంత దూరం ప్రయాణించదు. ఒక కణం వెలువరించిన హైడ్రోజన్ పెరాక్సైడ్ పక్క కణంలో కాల్షియాన్ని పెంచుతుంది. ఆ కాల్షియం అక్కడి ఆర్‌బీఓహెచ్-డి ప్రోటీనును ఉత్తేజపరుస్తుంది. ఆ కణం తన వంతుగా మళ్ళీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వెలువరిస్తుంది. చేతి నుంచి చేతికి మారే కాగడా వలె సంకేతం తరంగ రూపంలో సాగుతుంది. ఆర్‌బీఓహెచ్-డి లోపించిన మొక్కలో ఈ తరంగం నిలిచిపోతుంది.

గాయమా, ఆదేశమా?

ఈ అణువుల వలన కణం చనిపోయినప్పుడు అది రసాయనిక గాయం వలననే చనిపోయిందని భావించడం సహజం. క్లాస్ ఏపెల్ బృందం చేసిన ప్రయోగాలు ఈ భావనను సరిదిద్దాయి. ‘ఫ్లూ’ అనే అరాబిడాప్సిస్ ఉత్పరివర్తితంలో చీకటి సమయాన పత్రహరితానికి పూర్వరూపమైన పదార్థం అధికంగా పోగవుతుంది. తిరిగి కాంతిలోకి తెచ్చినప్పుడు ఆ పదార్థం వలన హరితరేణువులలో సింగ్లెట్ ఆక్సిజన్ విడుదలై నారు మొక్కలు చనిపోతాయి. 2004లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ‘ఎగ్జిక్యూటర్-1’ అనే మరొక జన్యువును కూడా నిష్క్రియం చేసినప్పుడు సింగ్లెట్ ఆక్సిజన్ యథాప్రకారం విడుదలైనా నారు మొక్కలు బతికాయి.

మరణానికి కారణం కేవలం ఆక్సీకరణ గాయమే అయితే ఒక జన్యువు తొలగించినంత మాత్రాన మొక్క బతకకూడదు. ఆ పరిస్థితులలో సింగ్లెట్ ఆక్సిజన్ సంకేతంగా పనిచేసి, మరణానికి దారితీసే జన్యు కార్యక్రమాన్ని ప్రారంభించిందని దీనివలన తేలింది. పారాక్వాట్ వంటి తీవ్రమైన దాడిలో నేరుగా జరిగే విధ్వంసం ఉంటుందన్నది నిజమే. కాని మితమైన స్థాయిలో కనిపించే ప్రతి మచ్చనూ, ప్రతి ఎదుగుదల లోపాన్నీ గాయంగా పరిగణించకూడదు.

తెగుళ్ళ విషయంలో రెండంచుల కత్తి

బంగాళాదుంపలో ఆఖరుమాడు తెగులును కలిగించే ఫైటోఫ్తోరాను ఎదుర్కొనేటప్పుడు దుంప కణజాలం సూపరాక్సైడ్‌ను వెలువరిస్తుందని 1983లో జపాన్ శాస్త్రవేత్త డోకే తెలిపారు. ఈ ఆక్సీకరణ విస్ఫోటంలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ తెగులు సోకిన కణాలను మరణం వైపు, చుట్టుపక్కల కణాలను రక్షణ వైపు నడిపిస్తుందని 1994లో సోయాచిక్కుడు కణాలపై జరిగిన పరిశోధన వివరించింది. సోకిన చోట కొద్ది కణాలు తామే చనిపోయి తెగులును అక్కడే బంధించడాన్ని అతిసున్నిత ప్రతిచర్య అంటారు. జీవించి ఉన్న కణాల నుంచే ఆహారం తీసుకొనే కుంకుమ తెగులు శిలీంధ్రాల వంటి వాటిపై ఇది బలమైన రక్షణ.

చనిపోయిన కణజాలంపై బతికే శిలీంధ్రాల విషయంలో ఫలితం తలకిందులు కావచ్చు. బొట్రైటిస్ సినేరియా శిలీంధ్రానికి ఈ కణమరణం అనుకూలించిందని 2000లో అరాబిడాప్సిస్‌లో చూపారు. కాబట్టి క్రియాశీల ఆక్సిజన్‌ను పెంచడం వలన తెగులు నిరోధకత పెరుగుతుందనే సాధారణ సూత్రం చెల్లదు. ఎదురుగా ఉన్న తెగులు కారకం ఏ వర్గానికి చెందినదో చూడవలసి ఉంటుంది.

పంటలకు అన్వయం

పోషక లోపాలు: సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌లో ఒక రకానికి రాగి, జింక్ అవసరం. జింక్ లోపించినప్పుడు కాంతి వలన కలిగే నష్టం పెరుగుతుంది. జింక్, పొటాషియం, మెగ్నీషియం లోపించిన చిక్కుడు మొక్కల ఆకులు తీవ్రమైన కాంతిలో ఎక్కువగా పాలిపోయి, మాడినట్లు పరిశోధనలు తెలిపాయి. లోప లక్షణాలు ఎండ పడే ఆకులలో ఎక్కువగా, నీడలోని ఆకులలో తక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం. ఇటువంటి పైరులో ముందుగా చేయవలసింది భూసార పరీక్ష ఆధారంగా లోపాన్ని సవరించడం.

ముంపు: వరి పైరు ముంపులో ఉన్నంతకాలం ఆక్సిజన్ కొరతను ఎదుర్కొంటుంది. నీరు తీసిన తరువాత ఒక్కసారిగా గాలి, ఎండ తగలడంతో క్రియాశీల ఆక్సిజన్ అణువులు పెరుగుతాయి. ముంపు తట్టుకొన్న పైరు నీరు తీసిన తరువాత వాడిపోవడానికి ఇది కొంతవరకు కారణం. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్-13ఎ వరి నుంచి లభించిన సబ్-1ఎ జన్యువు ముంపులో పెరుగుదలను నిగ్రహించడమే కాక, నీరు తీసిన తరువాత ఈ అణువుల పోగును కూడా తగ్గిస్తుందని తేలింది. మార్టేరులో రూపొందిన స్వర్ణ రకంలోకి ఈ జన్యువును ప్రవేశపెట్టగా వచ్చిన స్వర్ణ-సబ్1 భారతదేశంలో 2009లో విడుదలైంది.

విత్తనాలు: నిల్వలో విత్తనం ముదిరేకొద్దీ కొవ్వుల ఆక్సీకరణ జరిగి మొలక శక్తి తగ్గుతుంది. వేరుశనగ, సోయాచిక్కుడు వంటి నూనెగింజలలో తేమ, ఉష్ణోగ్రతల అదుపుకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఇది ముఖ్య కారణం. కాని నిద్రావస్థ తొలగి మొలక రావడానికి ఇవే అణువులు కొంత స్థాయిలో అవసరం. ఆ స్థాయికి తక్కువైతే విత్తనం నిద్ర వీడదు, ఎక్కువైతే దెబ్బతింటుంది. ఈ మధ్యస్థ పరిధిని ఆక్సీకరణ గవాక్షం అంటారు. పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో విత్తనశుద్ధి చేసిన ప్రయోగాలలో మంచి ఫలితాలు కనిపించడానికి మూలం ఇదే. అయితే ఆ పరిధి పంటను, విత్తనం వయసును, నానబెట్టిన సమయాన్ని బట్టి మారుతుంది. ఒక పంటలో అనుకూలించిన గాఢతను మరొక పంటకు స్థానిక పరీక్ష లేకుండా సిఫారసు చేయడం క్షేమం కాదు.

కొలతలలో జాగ్రత్తలు

విద్యార్థుల పరిశోధనలలో హైడ్రోజన్ పెరాక్సైడ్ మొత్తం, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ చర్యాశీలత, కొవ్వుల ఆక్సీకరణను తెలిపే మాలన్‌డైఆల్డిహైడ్ తరచుగా కొలుస్తారు. వీటి వ్యాఖ్యానంలో కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఎద్దడిలో ఎంజైము చర్యాశీలత పెరగడం తట్టుకొనే శక్తికి రుజువు కాదు. ఎక్కువ దెబ్బతిన్న రకంలో కూడా అది పెరగవచ్చు. సాపేక్ష నీటి శాతం, కణత్వచ స్థిరత్వం, చివరకు దిగుబడితో కలిపి చూసినప్పుడే దానికి అర్థం ఏర్పడుతుంది.

రెండవది, సంకేతం కొద్ది నిమిషాలలో లేచి తగ్గిపోవచ్చు. ఎద్దడి మొదలైన వారం రోజులకు ఒకేసారి తీసిన నమూనాలో కనిపించేది ఆ సంకేతం కాదు, తరువాతి పరిణామం. వేర్వేరు సమయాలలో నమూనాలు తీయాలి. నమూనా తీసిన వేళను, అప్పటి కాంతి తీవ్రతను నమోదు చేయాలి. ఉదయం తీసిన ఒక రకాన్ని మధ్యాహ్నం తీసిన మరొక రకంతో పోల్చితే తేలేది రకాల మధ్య తేడా కాక వేళల మధ్య తేడా కావచ్చు.

మూడవది, ఆకు మొత్తాన్ని నూరి కొలిచినప్పుడు సంకేతం పుట్టిన స్థానం చెదిరిపోతుంది. రక్షక కణాలు ఆకులో స్వల్ప భాగం మాత్రమే. వాటిలోని మార్పు మొత్తం కొలతలో కనిపించదు. గోధుమ రంగునిచ్చే డైఅమైనోబెంజిడిన్, నీలి రంగునిచ్చే నైట్రోబ్లూ టెట్రాజోలియం స్థానాన్ని చూపడానికి ఉపకరిస్తాయి. కాని డైఅమైనోబెంజిడిన్ రంగు పెరాక్సిడేజ్ చర్యపై ఆధారపడుతుంది కనుక ఆ రంగు గాఢతను నేరుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పరిమాణంగా తీసుకోరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. ‘యాంటీ ఆక్సిడెంట్’ అనే పేరుతో వచ్చే పిచికారీ మందు క్రియాశీల ఆక్సిజన్‌ను పూర్తిగా తొలగిస్తుందని చెప్పినంత మాత్రాన అది పైరుకు మేలు చేస్తుందని భావించకూడదు. నిజంగానే పూర్తిగా తొలగిస్తే పత్రరంధ్రాల మూసివేత, తెగులుపై రక్షణ, వేళ్ళ ఎదుగుదల కూడా కుంటుపడే అవకాశం ఉంటుంది. అటువంటి ఉత్పత్తిని అంచనా వేయవలసింది ప్రయోగశాలలో తగ్గిన అణువుల లెక్కతో కాక, ఎద్దడి ఉన్న సంవత్సరంలోనూ లేని సంవత్సరంలోనూ పొలంలో వచ్చిన దిగుబడితో, ఖర్చుకు తగిన ఆదాయంతో.

ముగింపు

మొక్క ఆక్సిజన్‌ను విడుదల చేస్తూ, ఆక్సిజన్ మధ్యనే జీవిస్తుంది. దాని క్రియాశీల రూపాల నుంచి తప్పించుకొనే మార్గం దానికి లేదు. ఆ అనివార్యతను అది సమాచార సాధనంగా మలచుకొంది. పుట్టిన చోటు, పరిమాణం, నిలిచిన కాలం, అందుకొన్న ప్రోటీను అనే నాలుగు అంశాలను బట్టి ఒకే అణువు హానికారకమో, సంకేతమో అవుతుంది. ఎద్దడిని తట్టుకొనే రకాల రూపకల్పనలో గాని, యాజమాన్య సిఫారసులలో గాని లక్ష్యం ఈ అణువులను నిర్మూలించడం కాకూడదు. సంకేతం సకాలంలో పుట్టి, పని ముగిసిన వెంటనే సమసిపోయే సమతుల్యతను కాపాడటమే లక్ష్యం కావాలి.